మాటల గది మొత్తం

జూన్ 3, సోమవారం

మేడమ్ పిలిచి తలుపు వేసింది. ఆవిడ తలుపు వేసిందంటే మంచి కబురు ఉండదు, ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. బిల్డింగ్ ఓనరు ఒక గది వెనక్కి ఇచ్చేయమన్నాడట, నెలాఖరుకల్లా. మూడూ ఒకే సైజు కాబట్టి ఏదిచ్చినా పర్లేదన్నాడట. ఎంత దయ. మా చికిత్సా కేంద్రంలో ఉన్నవే మూడు: నడక గది, చేతుల గది, మాటల గది. పక్షవాతం మనిషి దగ్గర ఏది లాక్కుపోతే ఆ గదిలో కూర్చోబెడతాం మేము. ఇప్పుడు మేమే ఒకటి లాక్కోవాలి.

"ఈ ఆరు నెలల్లో ఏ గదికి ఎంతమంది వచ్చారో గదుల వారీగా తీసివ్వండి. తక్కువమంది వచ్చే గది ఇచ్చేద్దాం. కమిటీలో నేను ఎవరి మొహమూ చూడను, లెక్క చూస్తాను" అంది.

నా మొహం మాత్రం చూసింది. మాట పడిపోయిన మా ఆవిడ రోజూ నాతో వచ్చి మాటల గదిలో కూర్చుంటుందని తెలుసు కదా. ఇక్కడ పనిచేసేవాళ్ళ ఇంట్లోవాళ్ళకి చికిత్స ఊరికే చేస్తారు. పాత ఆఫీసులో హాయిగా రిజిస్టర్లు రాసుకునేవాణ్ణి, అది వదిలేసి ఇక్కడ కాంట్రాక్టు గుమాస్తాగా చేరింది అందుకే.

మాటల గదికి ఏం భయం లేదు. పొద్దున పూట ఆ గది ముందు బెంచీ మీద చోటే దొరకదు.

జూన్ 5, బుధవారం

లెక్క ఇచ్చేశాను.

కంప్యూటర్లో ఆ షీటు తెరిస్తే తల తిరుగుతుంది. ఎన్ని వరసలో. ఒక్కో వరసలో తేదీ, గది పేరు, ఆ పూట ఎంతమంది వచ్చారు. మాటల టీచరు తన గదివి తనే ఎక్కించుకుంటుంది, తీరికైనప్పుడు కాసిని, కానప్పుడు లేదు. మిగతా రెండు గదులవీ కాగితాల మీదుంటే నేనే కూర్చుని కొట్టాను. నడకవన్నీ ఒక్క బిగిన, చేతులవన్నీ ఒక్క బిగిన.

ఇవన్నీ వేలు పెట్టి కూడాలా భగవంతుడా అనుకుంటుంటే లెఫ్ట్‌రైట్ వచ్చాడు. నడక గదిలో పొద్దుణ్ణించి సాయంత్రం దాకా లెఫ్ట్, రైట్ అని అరుస్తుంటాడు కాబట్టి అందరూ అతన్ని అలాగే పిలుస్తారు, అతనూ పలుకుతాడు.

"సబ్‌టోటల్ అని ఉంటుంది సార్. గది పేరున్న గడి చూపించి నొక్కండి. ఏ గదికా గది అదే కూడి పెడుతుంది" అన్నాడు.

నొక్కాను. నిజంగానే పెట్టింది. వరసల మధ్యలో లావుపాటి అక్షరాలతో నడక గది మొత్తం, చేతుల గది మొత్తం, మాటల గది మొత్తం. పక్కన చిన్న చిన్న మైనస్ గుర్తులు, అవి నొక్కితే వరసలన్నీ ముడుచుకుపోయి మొత్తాలు మాత్రమే మిగులుతాయి. చిన్నపిల్లాడిలా కాసేపు తెరిచీ మూసీ చూశాను.

మాటల గది మొత్తం మాత్రం మూడు చోట్ల వచ్చింది. ముందు కంగారుపడ్డాను. తర్వాత అర్థమైంది, ఇది మన రిజిస్టరు పద్ధతేనని. ప్రతి పేజీ అడుగునా మొత్తం వేస్తాం, దాన్ని తర్వాతి పేజీ నెత్తిన ఎక్కించి కూడుకుంటూ పోతాం, చివరి పేజీ అడుగున ఉన్నదే అసలు మొత్తం. పైవాటిని ఎవడూ చూడడు. నేనూ చూడలేదు. అన్నిటికంటే కిందున్నది తీసుకున్నాను. నడక 1530. చేతులు 905. మాటలు 612.

అలా చూస్తే మాటల గదే తక్కువ. ఇంకోసారి లెక్కపెడదామని చెయ్యి షీటు మీదికి పోయింది కూడా. తన పెళ్ళాం గది కదా, అందుకే మళ్ళీ మళ్ళీ కూడుతున్నాడు అని మేడమ్ అనుకుంటే? నేనలాంటివాణ్ణి కాను. కాగితం మీద శుభ్రంగా కొట్టి ఆవిడ టేబుల్ మీద పెట్టి వచ్చేశాను. కమిటీవాళ్ళేం గుడ్డివాళ్ళా, బెంచీ చూడరా.

జూన్ 6

ఆ బెంచీ మీద ఇవాళ కూడా చోటు లేదు. ఇద్దరు గోడకి ఆనుకుని నిలబడ్డారు.

జూన్ 10, సోమవారం

మాటల గది.

కమిటీ అయ్యాక మేడమ్ నా టేబుల్ దగ్గర ఆగింది. "మీ లెక్క చూసే నిర్ణయించారండీ. మీ ఇంట్లోవాళ్ళ గది అని తెలిసి కూడా ఉన్నది ఉన్నట్టు ఇచ్చారు. అది నేను మర్చిపోను" అంది. థాంక్స్ మేడమ్ అన్నాను.

నెలాఖరు దాకానే. టీచరు కూడా అంతవరకే.

ఒకప్పుడు మా ఆవిడ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఫోన్లో రాంగ్ నంబరు వస్తే వాళ్ళ పిల్లల చదువులు కనుక్కుని గానీ పెట్టేది కాదు. ఇప్పుడూ అన్నీ అర్థమవుతాయి. పేపరు చదివి వినిపిస్తే నవ్వాల్సిన చోట నవ్వుతుంది, నేను ఎక్కడన్నా ఒక లైను ఎగ్గొడితే కనిపెట్టేస్తుంది. మాట మాత్రం గొంతు దాటి రాదు. టీచరు ఎదురుగా కూర్చుని పెదాలు చూపించి, గొంతు మీద చెయ్యి పెట్టించి, ఇన్నాళ్ళు కుస్తీ పడితే మూడు మాటలొచ్చాయి. నీళ్ళు, ఇటు, చాలు. చాలు అనడం వచ్చిన రోజు టీ కప్పు నిండకముందే అంది. కావాలనే అంది, మొహంలో ఆ పాత కొంటెతనం కనపడింది. ఆ టీ నేనే తాగాను, చల్లారిపోయినా.

టీచరు మొదటి రోజే చెప్పింది. "ఇదే అదను సార్. ఈ ఏడాదిలో ఎంత వస్తే అంత. తర్వాత చాలా కష్టం" అని.

జూన్ 11

మా ఆవిడకి గది సంగతి చెప్పలేదు.

జూన్ 13, గురువారం

ఏం రాయాలో తెలియడం లేదు. రాయకుండా కూర్చోలేను.

పొద్దున టీచరు వచ్చింది. వేరే ఊళ్ళో ఆసుపత్రిలో ఖాళీ ఉందట, అప్లికేషన్ పెడుతోందట. ఇక్కడ ఆరు నెలల్లో ఎంతమందిని చూసిందో ఒక సర్టిఫికెట్ కావాలంది. సరేనని షీటు తెరిచి మాటల గది వరసలు మాత్రం ఏరి చూశాను. అలా ఏరి అంకెల మీద మౌస్ లాగితే కింద మూలన మొత్తం దానంతటదే పడుతుంది. 1846.

కళ్ళజోడు తుడుచుకుని చూశాను. అదే.

ఆ బటన్‌కి మన రిజిస్టరు సంగతేం తెలుసు? పైనుంచి కిందికి పోతుంది, గది పేరు మారిన ప్రతిచోటా ఆగి అప్పటిదాకా ఉన్నది కూడేస్తుంది, మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. పైది కిందికి తీసుకురాదు. అందుకే ముందు ఒక గది వరసలన్నీ ఒకచోటికి చేర్చుకుని, ఆ తర్వాత నొక్కాలి. నేను చేర్చలేదు. పైన టీచరు వరసలు, వాటి కింద నేను కొట్టిన నడక గది, మళ్ళీ టీచరువి, మళ్ళీ నేను కొట్టిన చేతుల గది, అడుగున టీచరు ఈ మధ్య తీరిక చేసుకుని ఎక్కించినవి. ఆ అడుగు ముక్కని నేను మొత్తం అనుకున్నాను.

వరసలు చేర్చి మళ్ళీ నొక్కాను. ఈసారి గదికొక్క మొత్తమే వచ్చింది. అన్నిటికంటే ఎక్కువమంది వచ్చేది మాటల గదికే. అన్నిటికంటే తక్కువ చేతుల గదికి. చేతుల గది తీసేసినా కొంపలు మునగవు, అందులో ఉన్న రెండు బల్లలూ నడక గదిలో ఓ మూల పడతాయి. మాటల గదిని అలా కుదరదు, లెఫ్ట్‌రైట్ అరుపుల్లో ఎవరికి మాటలొస్తాయి.

ఇంకా టైముంది. గది ఇంకా మా చేతిలోనే ఉంది, టీచరు ఇంకా ఇక్కడే ఉంది. రేపు పొద్దున్నే మేడమ్‌కి చెప్పేస్తాను.

జూన్ 14, శుక్రవారం

చెప్పలేదు.

భయపడి కాదు. నా కాంట్రాక్టు ఈ నెలతో అయిపోతుంది, కొత్త కాగితం మీద మేడమ్ సంతకం పెట్టాలి. ఇప్పుడు వెళ్ళి మీ ముందూ కమిటీ ముందూ తప్పు లెక్క పెట్టానంటే సంతకం పెడుతుందా? ఉద్యోగం పోతే ఆవిడ చికిత్సా పోతుంది. గది ఉండి ఏం లాభం, అందులోకి అడుగు పెట్టే వీలు లేకపోతే? ముందు సంతకం అవనీ. అది అయిన క్షణం చెప్తాను. ఇది ఆవిడ కోసమే.

టీచరుకి సర్టిఫికెట్ ఇచ్చాను. అందులో సరైన అంకే వేశాను. తప్పు అంకె వేయడానికి చెయ్యి రాలేదు.

జూన్ 18, మంగళవారం

వరండాలో టీచరు పట్టుకుంది. చేతిలో నా సర్టిఫికెట్.

"సార్, ఇందులో పద్దెనిమిది వందల పైన ఉంది. మరి కమిటీలో మన గదికే తక్కువమంది అన్నారేంటి?"

"అది వేరే లెక్కమ్మా."

"వేరే లెక్కంటే?"

"వాళ్ళు ఇంకోలా చూస్తారు. కంప్యూటరు వేసిందే ఇచ్చాను నేను."

ఆ పిల్ల నమ్మింది. నాలాంటి పెద్దమనిషి అబద్ధం చెప్తాడని ఎందుకనుకుంటుంది. "రోజూ సాయంత్రానికి నాకు గొంతు పోతుంది సార్. అంత తక్కువంటే ఎలాగో అర్థం కాక అడిగాను, ఏమీ అనుకోకండి" అంది. ఏమీ అనుకోలేదన్నాను. ఆసుపత్రివాళ్ళకి ఇంకా మాట ఇవ్వలేదట. ఏదన్నా మారితే ఇక్కడే ఉండిపోతానంది. ఇక్కడి నుంచి వాళ్ళమ్మగారి ఇల్లు దగ్గరట.

లోపల మా ఆవిడ అద్దం ముందు కూర్చుని పెదాలు గుండ్రంగా చుడుతోంది. కొత్త మాట ఏదో మొదలుపెట్టినట్టున్నారు. నన్ను చూసి ఎడం చెయ్యి ఊపింది. నా ముఖాన నేనే ఉమ్మేసుకోవాలనిపించింది.

జూన్ 20

కొత్త కాగితం ఇంకా రాలేదు. అడిగితే బాగుండదు.

జూన్ 24, సోమవారం

సంతకం అయింది. మేడమ్ నవ్వుతూ పెట్టింది. "మీలాంటివాళ్ళు దొరకరండీ" అని కూడా అంది. అప్పుడే చెప్పాల్సింది. ఆ మాట అన్న మరుక్షణం ఎలా చెప్తాం, మనిషన్నాక కాస్త సమయం సందర్భం ఉండొద్దా. రేపు.

జూన్ 25

మేడమ్ రాలేదు.

జూన్ 26

నిన్న మధ్యాహ్నం మేడమ్ వచ్చింది. నిన్న రాసింది అబద్ధం. ఇది నేను తప్ప ఎవరూ చదవరు, ఇందులో కూడా అబద్ధమా.

జూన్ 27, గురువారం

చెప్పాను. నిలబడే చెప్పాను. పాత కాగితం, కొత్త కాగితం రెండూ పక్కపక్కన పెట్టాను. మేడమ్ రెండు అంకెల కిందా పెన్నుతో గీత గీసింది. అరుస్తుందనుకున్నాను, అరిచినా బాగుండేది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"నిన్ననే మేడమ్."

అది కూడా అబద్ధమే. అక్కడ కూడా.

వెంటనే నా ముందే టీచరుకి ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టింది. కొత్త ఆసుపత్రిలో కాగితాలు ఇచ్చి రావడానికి ఒక్కరోజు సెలవు పెట్టిందట, రైల్లో ఉంది, చుట్టూ జనం గోల. మొన్న మంగళవారం ఆసుపత్రికి మాట ఇచ్చేసిందట, నిన్ననే సామాను కూడా పంపించేసిందట. "ఈ వారం మొదట్లో చెప్పినా ఉండిపోయేదాన్ని మేడమ్. ఇప్పుడు వాళ్ళకి ఏమని చెప్పను" అంది. తర్వాత, "సార్ ఉన్నారా అక్కడ? ఆవిడ చేత అద్దం ముందు రోజూ చేయించమని చెప్పండి. బాగా వస్తోంది ఆవిడకి. మానిపించొద్దనండి" అంది.

మేడమ్ ఫోన్ పెట్టేసింది. "ఓనరుతో మాట్లాడి గది ఆపగలను. టీచరు లేకుండా గది ఆపి ఏం చెయ్యను? ఇంకొకరు దొరకాలంటే ఏడాది పడుతుంది, ఈమె దొరకడానికే అంత పట్టింది" అంది. నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. ఉద్యోగం మాత్రం ఉంది. సంతకం అయిపోయింది కదా.

జూలై 1, సోమవారం

పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి ఆవిడ తయారై కూర్చుంది. చీర మాతోనే ఉంటున్న మరదలు కట్టిపెట్టింది. ఒళ్ళో సంచి, సంచిలో అద్దం.

మరదలు నన్ను వంటింట్లోకి పిలిచింది. "అక్కకి చెప్పలేదా బావా?"

"చెప్తాను."

"ఎప్పుడు? అక్కడికి తీసుకెళ్ళి తాళం చూపించి చెప్తారా?"

మూడేళ్ళ పిల్లకి చెప్పినట్టు చెప్పాను ఆవిడకి. గది ఓనరు తీసేసుకున్నాడు, టీచరు వేరే ఊరు వెళ్ళిపోయింది, మనం ఇంట్లోనే చేసుకుందాం అని. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. ఆవిడ సంచి ఒళ్ళోంచి తియ్యలేదు. నేను ఆఫీసుకి వెళ్ళేటప్పుడు కూడా అలాగే కూర్చుని ఉంది.

జూలై 4

అద్దం ముందు కూర్చోబెట్టాను. టీచరు చేసినట్టే పెదాలు చూపించాను. నా వల్ల కాలేదు. ఆ పిల్ల ఏదో చేసేది, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వదిలేయాలో తెలిసేది. నేను తొందరపెట్టాను, విసుక్కున్నాను. ఆవిడ అద్దం బోర్లా పెట్టేసింది.

జూలై 9, మంగళవారం

నీళ్ళు కావాలంటే గ్లాసు వైపు చూపిస్తోంది. మాట అడిగితే మొహం తిప్పుకుంటోంది. కప్పులో టీ పోస్తుంటే పొర్లిపోయేదాకా చూస్తూ ఊరుకుంది. చాలు అనలేదు. చీరంతా టీ.

"అలిగిందేమో బావా, రెండ్రోజులు పోతే అదే వస్తుంది" అంది మరదలు. దానికి నవ్వించడం అలవాటు, ఇవాళ దాని గొంతులో కూడా నవ్వు లేదు.

జూలై 12

గదిలో ఓనరు ఏవో అట్టపెట్టెలు పేర్పించాడు. బెంచీ కూడా లోపలే ఉంది. పాతవాళ్ళు తెలియక ఇంకా వస్తున్నారు, పొద్దున్నే. తిరిగి వెళ్ళిపొమ్మని చెప్పే పని నాకు అప్పగించింది మేడమ్. ఒక ముసలాయన కొడుకుని తీసుకొచ్చాడు. ఎన్నాళ్ళకి తెరుస్తారు బాబూ అని అడిగాడు. తెలియదన్నాను. కాసేపు మెట్ల మీద కూర్చుని వెళ్ళారు.

జూలై 16

ఆవిడ మాట్లాడి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టను. లెక్కలు చాలు.

పేపరు చదువుతుంటే నవ్వాల్సిన చోట నవ్వలేదు. ఒక పేజీ మొత్తం వదిలేసి తిప్పాను, కనిపెడుతుందేమోనని. కనిపెట్టిందో లేదో కూడా తెలియలేదు.

జూలై 21, ఆదివారం

చెప్పేశాను ఆవిడకి.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మరదలు గిన్నెలు కడుగుతోంది. ఆవిడ కిటికీ దగ్గర కూర్చునుంది. ఎదురుగా కుర్చీ వేసుకుని మొదటి నుంచీ చెప్పాను. షీటు, బటన్, మూడు చోట్ల వచ్చిన మొత్తం, నా రిజిస్టరు తెలివితేటలు. కాగితం మీద గీసి చూపించాను. శ్రద్ధగా వింది. కింది ముక్కే తీసుకున్నానంటే ఆవిడ కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపింది, నేను తాళాలు పోగొట్టినప్పుడల్లా ఊపినట్టే. కోపం లేదు. పొరపాటుని క్షమించేసింది, నాకు తెలుస్తూనే ఉంది. అక్కడ ఆపేస్తే సరిపోయేది.

ఆపలేదు. పదమూడో తారీకునే తెలిసిందన్నాను. గదీ ఉంది, టీచరూ ఉంది, మేడమ్ గది నా టేబుల్‌కి నాలుగడుగుల దూరంలో ఉంది, అయినా నెలాఖరు దాకా చెప్పలేదన్నాను. టీచరు అడిగితే అబద్ధం చెప్పానన్నాను.

ఆవిడ కళ్ళు తెరిచింది. కుర్చీ చెయ్యి పట్టుకుంది. పెదాలు కదుపుతోంది, మెడ మీద నరాలు పొంగాయి. కంగారుపడి నీళ్ళు తెచ్చాను, చేత్తో తోసేసింది. పడుకుంటావా అన్నాను. కాదు. ఫ్యాను వెయ్యనా? కాదు. మందు టైమయిందా?

"బావా, మీరు కాసేపు ఊరుకోండి" అంది మరదలు గుమ్మంలోంచి, తడి చేతులతోనే. "అక్క ఏదో అంటోంది."

ఊరుకున్నాను. ముందు ఒట్టి గాలి వచ్చింది. తర్వాత సగం మాట వచ్చి ఆగింది. ఆవిడ ఊపిరి తీసుకుని, టీచరు నేర్పినట్టు గొంతు మీద చెయ్యి పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"ఎందుకు" అంది.

ఎవరూ నేర్పిన మాట కాదు. తనంతట తనే తెచ్చుకుంది. మరదలు పరుగున వచ్చి ఆవిడ తల గుండెకి హత్తుకుని ఏడ్చేసింది, మాట్లాడావే అక్కా, మాట్లాడావే అని. ఆవిడ ఆ చేతులు పక్కకి తప్పించి నా వైపే చూస్తోంది. కాంట్రాక్టు, సంతకం, మేడమ్ సెలవు, సమయం సందర్భం, ఇక్కడ రాసుకున్నవన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఒక్కటీ ఆ మొహం ముందు చెప్పేలా లేదు.

ఆవిడ మళ్ళీ అడిగింది. రెండోసారి ఇంకా స్పష్టంగా వచ్చింది.